సర్వీసులు ఆపేస్తే పాత కంప్యూటర్ నిజంగా స్పీడ్ అవుతుందా?

గోదావరి_గట్టు:
అందరికీ నమస్కారం. మా నాన్నగారు జీఎస్టీ రిటర్నులు వేస్తారు. రాజమండ్రిలో మా ఇంటి ముందు గదే ఆయన ఆఫీసు. కంప్యూటర్ 2016లో కొన్నది. ఐ3 ఆరో తరం ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. బటన్ నొక్కిన దగ్గర్నుంచి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకునేదాకా ఫోన్‌లో టైమ్ పెట్టి చూశాను, ఏడు నిమిషాలు. ప్రతి నెలా 20వ తేదీ దగ్గర పడుతుంటే ఇంట్లో అందరికీ టెన్షనే.
ఒక వీడియోలో 30 సర్వీసులు (విండోస్‌లో వెనకాల నడిచే చిన్న ప్రోగ్రాములు) డిజేబుల్ చేస్తే కొత్త కంప్యూటర్‌లా పరిగెడుతుందని చెప్పారు. మా తమ్ముడు చేసేద్దాం అంటున్నాడు. నాన్నగారు ముట్టుకోవద్దంటున్నారు. ఎవరి మాట వినాలి? ఇప్పుడు కొత్తది కొనే పరిస్థితి లేదు.

హనుమకొండ_రిపేర్:
తమ్ముడి మాటే వినండి మేడమ్. పదిహేనేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్ ఉన్న సిస్టమ్ వస్తే ముందు టాస్క్ మేనేజర్ తెరుస్తాను. డిస్క్ 100 శాతం చూపిస్తుంటుంది. సిస్‌మెయిన్, విండోస్ సెర్చ్ అనే రెండు సర్వీసులు ఆపేస్తాను. కస్టమర్ ముందే డిస్క్ దిగివస్తుంది. ఫ్యాక్స్, మ్యాప్స్ మేనేజర్, టెలిమెట్రీ, ఎక్స్‌బాక్స్ సర్వీసులు మన ఇళ్లలో ఎవరికి కావాలి? వాడని గదిలో లైటు వేసి ఉంచం కదా.

అడ్మిన్_మాదాపూర్:
అన్నా, మీ అనుభవాన్ని కాదనను. కానీ ఈ లైటు పోలిక ఇప్పటి విండోస్‌కి సరిపోదు. ఈ సలహా ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. 2001లో ఎక్స్‌పీ వచ్చినప్పుడు ఇళ్లలో 128 ఎంబీ, 256 ఎంబీ ర్యామ్ ఉండేది. అప్పట్లో బ్లాక్ వైపర్ అనే సైట్ చూసి ఏ సర్వీసు ఆపాలో మేమూ రాసుకునేవాళ్లం. పది సర్వీసులు ఆపితే తేడా కంటికి కనిపించేది. తర్వాత విస్టాలో కొన్ని సర్వీసులు బూట్ అయిన కాసేపటికి మొదలయ్యే ఏర్పాటు వచ్చింది. విండోస్ 7లో, పని పడితేనే లేచే ట్రిగ్గర్ స్టార్ట్ వచ్చింది. మీరు చెప్పిన ఫ్యాక్స్, ఎక్స్‌బాక్స్ సర్వీసులు మాన్యువల్‌లోనే ఉంటాయి. వాటి లైటు వెలగడమే లేదు, ఇక ఆర్పేదేముంది?
ఇంకో మాట. టాస్క్ మేనేజర్‌లో ఎస్‌వీసీహోస్ట్ పేరుతో 60, 70 వరుసలు చూసి భయపడేవాళ్లు చాలామంది ఉన్నారు. విండోస్ 10 2017 వెర్షన్ నుంచి, ర్యామ్ 3.5 జీబీ దాటిన సిస్టమ్‌లలో ఒక్కో సర్వీసుకీ విడి ప్రాసెస్ ఇస్తున్నారు. అందుకే లిస్టు అంత పొడుగు కనిపిస్తుంది. వాటిలో చాలావాటికి పట్టేది కొన్ని ఎంబీలే.

హనుమకొండ_రిపేర్:
చరిత్ర బాగానే చెప్పారు. మరి డిస్క్ 100 నుంచి 20కి ఎందుకు పడిపోతోంది? నేను కళ్లారా చూసింది అబద్ధమా? మా దగ్గరికి వచ్చేవాళ్లకి హార్డ్ డిస్క్ కంటే చాలా వేగమైన ఎస్ఎస్‌డీ కొనమని చెప్పడం తేలికే, ఆ నెల కొనలేనివాళ్లే ఎక్కువ. పిల్లాడి వెబ్ ఆప్షన్ల గడువు రేపంటే, ఈరోజు సిస్టమ్ కదలాలి. నాకు అదే ముఖ్యం.

ఖమ్మం_ఆన్‌లైన్_సెంటర్:
నా అనుభవం చెప్తాను, ఎవరినీ తప్పు పట్టడానికి కాదు. వీడియో చూసి నా సెంటర్ కంప్యూటర్‌లో 40 దాకా ఆపేశాను. మర్నాడు పొద్దున ఒక పెద్దాయన వేలిముద్ర వేయడానికి వచ్చారు. మెషీన్ లైటే వెలగలేదు. ఆధార్ వేలిముద్ర పరికరానికి ఆర్‌డీ సర్వీస్ అని ఒకటి వెనకాల నడుస్తూ ఉండాలి, దాన్నే ఆపేశాను. ఆయన్ని రెండుసార్లు తిప్పించాను, ఇప్పటికీ బాధగా ఉంటుంది.
అదొక్కటే కాదు. టచ్ కీబోర్డ్ అండ్ హ్యాండ్‌రైటింగ్ అనే సర్వీసు పేరు చూసి, మనకి టచ్ స్క్రీన్ లేదు కదా అని ఆపాను. స్టార్ట్ మెనూ సెర్చ్‌లో టైపింగ్ పడలేదు, ఎమోజీ ప్యానెల్ రాలేదు. పేరు చూసి పని ఊహించకూడదని అప్పుడు తెలిసింది.
గోదావరి గారూ, మీకు ముఖ్యమైనది ఇది. నాన్నగారు రిటర్న్ మీద సంతకానికి డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ వాడుతుంటే స్మార్ట్ కార్డ్ సర్వీసు జోలికి వెళ్లకండి. ఆపాల్సిన సర్వీసుల లిస్టుల్లో అది తరచుగా ఉంటుంది. మన దగ్గర కార్డు లేదు కదా అనిపిస్తుంది. కానీ ఆ యూఎస్‌బీ టోకెన్‌ని విండోస్ స్మార్ట్ కార్డుగానే చూస్తుంది. 20వ తేదీ రాత్రి టోకెన్ కనపడకపోతే ఎలా ఉంటుందో ఆలోచించండి.

గోదావరి_గట్టు:
అమ్మో, టోకెనే వాడతారు. ఆ వీడియో మళ్లీ చూశాను, స్మార్ట్ కార్డ్ అందులో ఎనిమిదో పేరు. చాలా థాంక్స్ అండీ.

లెక్కల_టీచర్:
డిస్క్ 100 శాతం అనే మాట దగ్గర ఇద్దరూ ఒకరి మాట ఒకరు అందుకోలేదు. చిన్న లెక్క చెప్తాను. హార్డ్ డిస్క్ నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతుందంటే సెకనుకు 90 చుట్లు. ఒక చుట్టుకి సుమారు 11 మిల్లీసెకన్లు. కావాల్సిన ముక్క సూది కిందికి రావడానికి సగటున సగం చుట్టు ఆగాలి, అంతకుముందు చేయి అటూ ఇటూ జరగాలి. అంటే చెదురుమదురుగా ఉన్న చిన్న ఫైళ్లని సెకనుకు వంద చదవడం కూడా కష్టం. మామూలు సాటా ఎస్ఎస్‌డీ అదే పని సెకనుకు వేలల్లో చేస్తుంది.
డిస్క్ దగ్గర మీటరు 100 అంటే డేటా ఎక్కువ పోతోందని కాదు, డిస్క్‌కి క్షణం ఖాళీ లేదని అర్థం. ఒకేసారి ఐదారు ప్రోగ్రాములు చిన్న చిన్న ముక్కలు అడిగితే చాలు, ప్రతి ఒక్కటీ లైన్‌లో నిలబడాల్సిందే. కాబట్టి రిపేర్ గారు చూసింది నిజం, ఆ లైన్‌లోంచి ఇద్దరిని తీసేశారు. అడ్మిన్ గారు చెప్పిందీ నిజం, లైన్‌లో లేనివాళ్లని తీసేస్తే ఏమీ మారదు. ఇంతకీ మేడమ్ గారి ఇంట్లో లైన్‌లో ఎవరున్నారన్నదే ప్రశ్న. అది వీడియో చేసినాయనకి ఎలా తెలుస్తుంది?

డల్లాస్_అబ్బాయి:
మా అమ్మానాన్నలు గుంటూరులో ఉంటారు, వాళ్ల కంప్యూటర్ నేను ఇక్కడి నుంచే చూసుకుంటాను. ఒక్కటే బతిమాలుకుంటున్నాను. స్పీడ్ కోసం విండోస్ అప్‌డేట్, విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ మాత్రం ఆపకండి. 2017 మే నెలలో వన్నాక్రై అనే వైరస్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుల కంప్యూటర్లు కూడా లాక్ అయ్యాయి. దానికి విరుగుడు ప్యాచ్ అదే ఏడాది మార్చిలోనే వచ్చేసింది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు.

హనుమకొండ_రిపేర్:
విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కదా? ఆరో తరం ప్రాసెసర్ విండోస్ 11 లిస్టులో లేదు. రాని అప్‌డేట్ల కోసం సర్వీసు ఎందుకు?

డల్లాస్_అబ్బాయి:
వస్తాయన్నా. అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో చేరితే ఇంటి కంప్యూటర్లకి 2026 అక్టోబర్ దాకా అని ప్రకటించారు, అవీ ఈ సర్వీసు ద్వారానే. డిఫెండర్‌కి కొత్త వైరస్‌ల సమాచారం 2028 అక్టోబర్ దాకా ఇస్తామన్నారు. నలుగురి జీఎస్టీ పాస్‌వర్డ్‌లు ఉన్న కంప్యూటర్ అది, మన ఒక్కరిదే కాదు.

అడ్మిన్_మాదాపూర్:
టీచర్ గారి ప్రశ్నకి సమాధానం విండోస్‌లోనే రాసి ఉంటుంది, చాలామంది అటు వెళ్లరు. ఈవెంట్ వ్యూయర్ తెరవండి. అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్‌లో మైక్రోసాఫ్ట్, అందులో విండోస్, అందులో డయాగ్నస్టిక్స్ పెర్ఫార్మెన్స్, చివరికి ఆపరేషనల్. అక్కడ 100 నంబర్ ఈవెంట్‌లో బూట్‌కి ఎంత సేపు పట్టిందో మిల్లీసెకన్లలో ఉంటుంది. 101 అయితే ఆలస్యం చేసిన ప్రోగ్రామ్, 102 డ్రైవర్, 103 సర్వీసు. పేరుతో సహా ఉంటుంది.
ఆ తర్వాత ఎంఎస్‌కాన్ఫిగ్‌లో సర్వీసెస్ ట్యాబ్‌కి వెళ్లి, కింద ఉన్న 'మైక్రోసాఫ్ట్ సర్వీసులన్నీ దాచు' అనే గడిలో టిక్ పెట్టండి. మిగిలే పదీ పదిహేను బయటి కంపెనీలవి. నా అనుభవంలో అసలు భారం ఎక్కువగా అక్కడే, అలాగే టాస్క్ మేనేజర్ స్టార్టప్ ట్యాబ్‌లో ఉంటుంది. రోజుకి ఒకటి రెండు మార్చండి, పాత సెట్టింగ్ కాగితం మీద రాసుకోండి. టోకెన్ తాలూకు సాఫ్ట్‌వేర్ కూడా ఆ లిస్టులోనే కనిపిస్తుంది, దాన్ని వదిలేయండి.
సిస్‌మెయిన్ గురించి ఒక మాట రిపేర్ అన్నకి. అది విస్టా కాలంలో సూపర్‌ఫెచ్, తరచూ వాడే ప్రోగ్రాములని ముందే ర్యామ్‌లోకి తెచ్చి పెడుతుంది. నా దగ్గర ఉన్న సిస్టమ్‌లో దాన్ని ఆపి రీస్టార్ట్ చేస్తే, టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో కంప్రెస్డ్ అనే అంకె సున్నా అయిపోయింది. అంటే ర్యామ్‌ని కుదించి సర్దే పని కూడా దానితోపాటే ఆగింది. 4 జీబీ ఉన్నవాళ్లకి ఆ సర్దుబాటే ఆధారం. కస్టమర్ ముందు మీటరు దిగుతుంది, కానీ అతను ఇంటికెళ్లి బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు తెరిచినప్పుడు పరిస్థితి ఏంటి?

హనుమకొండ_రిపేర్:
ఇది నాకు కొత్త విషయం, నిజంగా. రేపు షాపులో చూస్తాను. కానీ ప్రింట్ పనులని వరుసలో పెట్టే ప్రింట్ స్పూలర్ సర్వీసుని మాత్రం ఆపాలనే అంటాను. ప్రింటర్ లేని ఇంట్లో అది ఎందుకు? 2021లో ప్రింట్‌నైట్‌మేర్ లోపం బయటపడ్డప్పుడు మైక్రోసాఫ్టే దాన్ని ఆపుకోమని చెప్పింది.

ఖమ్మం_ఆన్‌లైన్_సెంటర్:
ఆపితే మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్ కూడా పోతుంది అన్నా. క్రోమ్‌లో సేవ్ యాజ్ పీడీఎఫ్ పనిచేస్తుంది గానీ, మిగతా ప్రోగ్రాముల నుంచి పీడీఎఫ్ తీసుకునేవాళ్లకి ఇబ్బంది.

గోదావరి_గట్టు:
పది రోజుల తర్వాత వస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. ఈవెంట్ వ్యూయర్‌లో బూట్ టైమ్ 2,80,000 పైనే ఉంది, అంటే నాలుగు నిమిషాల 40 సెకన్లు. 103 కింద పదే పదే రెండు పేర్లు కనిపించాయి. ఒకటి, కొన్నప్పుడు షాపువాళ్లు వేసిన యాంటీవైరస్. దాని గడువు ఎప్పుడో అయిపోయింది, అయినా నడుస్తూనే ఉంది. రెండోది, మూడేళ్ల కిందట మా బాబాయికి ఇచ్చేసిన ప్రింటర్ తాలూకు సర్వీసు. రెండింటినీ డిజేబుల్ కాదు, అన్‌ఇన్‌స్టాల్ చేశాను. డిఫెండర్ ఆన్ అయిందో లేదో చూసుకున్నాను. స్టార్టప్‌లో ఆరు ప్రోగ్రాములు తీసేశాను. బూట్ రెండు నిమిషాల లోపుకి వచ్చింది.
సిస్‌మెయిన్ మూడు రోజులు ఆపి, మూడు రోజులు నడిపి చూశాను. ఆపినప్పుడు లాగిన్ అయిన వెంటనే హాయిగా ఉంది, రిపేర్ గారు చెప్పినట్టే. కానీ మధ్యాహ్నం బ్రౌజర్, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ రెండూ తెరిచి పెట్టుకుంటే నాన్నగారు "మళ్లీ ఆగింది" అని పిలిచేవారు. అందుకే తిరిగి ఆన్ చేశాను. విండోస్ సెర్చ్‌ని మాత్రం ఆపేశాం. నాన్నగారికి ఏ ఫైల్ ఏ ఫోల్డర్‌లో ఉందో నోటికి వచ్చు, వెతకాల్సిన అవసరం ఆయనకి లేదు.
టోకెన్ బాగా పనిచేస్తోంది. ఇంకొక్కటి అడగాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో హార్డ్ డిస్క్ పసుపు రంగులో కాషన్ అని చూపిస్తోంది. 20వ తేదీ పని అయ్యాక చూసుకోవచ్చా?

హనుమకొండ_రిపేర్:
వద్దు మేడమ్, ఆగకండి. పసుపు అంటే డిస్క్ మీద కొన్ని చోట్లు పాడైనట్టే. ఆ ప్రోగ్రామ్ లిస్టులో రీఅలొకేటెడ్ సెక్టార్లు, కరెంట్ పెండింగ్ సెక్టార్ల వరుసలు చూడండి. స్లోకి సగం కారణం అదే కావొచ్చు, చదవలేని చోట డిస్క్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. సర్వీసుల సంగతి ఇక పక్కన పెట్టండి. నాన్నగారి డేటా ఫోల్డర్ ముందు వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి, ఇవాళే. తర్వాత చిన్న ఎస్ఎస్‌డీ తీసుకుని క్లోన్ (ఉన్నదున్నట్టు కాపీ) చేయించండి, విండోస్ కొత్తగా వేయక్కర్లేదు. హైదరాబాద్ వైపు ఎవరైనా వస్తుంటే సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్‌లో రేట్లు కనుక్కోమనండి.

అడ్మిన్_మాదాపూర్:
అన్న చెప్పినట్టే చేయండి. కాపీ అయ్యేదాకా కంప్యూటర్‌లో వేరే ఏ పనీ పెట్టుకోకండి, రీస్టార్ట్ కూడా వద్దు.

గోదావరి_గట్టు:
తమ్ముడి ఎక్స్‌టర్నల్ డిస్క్ పెట్టాం. 61 జీబీలో 40 అయింది. నాన్నగారు కుర్చీ పక్కనే వేసుకుని కూర్చున్నారు.