చెట్టు మీంచి పడిపోతున్న గూడబాతు పిల్లలకి ఊళ్లో చిన్న సెంటర్ పెట్టాలంటే ఎలా?

ఉద్దానం కుర్రోడు:
అందరికీ నమస్కారం. మాది టెక్కలి దగ్గర, తేలినీలాపురానికి పక్క ఊరే. ఏటా గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు వచ్చి చింతచెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. గాలి గట్టిగా వీచినా, గూట్లో ఒకదాన్నొకటి తోసుకున్నా పిల్లలు కింద పడతాయి, పడ్డదాన్ని తల్లి దిగొచ్చి మేపదు, కుక్కలు చూసేలోపు మనుషులు చూస్తే బతికినట్టు. పోయినేడు ఒకటి మా పెరట్లోనే పడింది. ఎవరికి అప్పజెప్పాలో తెలీక సాయంత్రమంతా ఫోన్లు చేశాం, ఒకాయన రేపొస్తానన్నాడు, తెల్లారేసరికి పోయింది. విశాఖ జూలో రెస్క్యూ సెంటర్ ఉంది గానీ అది సర్కస్ సింహాలు, పులుల కోసం పెట్టింది, పైగా మాకు 150 కిలోమీటర్ల పైమాటే. అందుకే ఎనిమిది మందిమి కలిసి షెడ్డు వేద్దామనుకుంటున్నాం, స్థలం మా బాబాయి ఇస్తానన్నాడు. పర్మిషన్ ఎవరిస్తారు? ఊళ్లో చందాలు అడిగితే తిడతారా?

రిటైర్డ్ పశువుల డాక్టర్:
బాబూ, షెడ్డు మాట కాసేపు పక్కన పెట్టు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఆ పిల్ల ప్రభుత్వ ఆస్తి, మీ చేతికొచ్చిన 48 గంటల్లో అటవీ శాఖకో పోలీసులకో చెప్పాలి. జాలిపడి పెంచుకున్నా తప్పు తప్పే. సొంతంగా రెస్క్యూ సెంటర్ అని బోర్డు పెట్టాలంటే జూలకి గుర్తింపునిచ్చే కేంద్ర సంస్థ సెంట్రల్ జూ అథారిటీ దాకా వెళ్లాలి, అది ఎనిమిది మంది కుర్రాళ్లు మోసే బరువు కాదు. పంచాయతీ తీర్మానం పట్టుకుని అటవీ శాఖ రేంజర్ దగ్గరికి వెళ్లండి, షెడ్డు ఆ శాఖ పేరు మీదే ఉండనివ్వండి, పని మీరు చేయండి.
ఇంకోటి, పడిన పక్షి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలు, రొట్టె అసలొద్దు. బొక్కలు పెట్టిన అట్టపెట్టెలో, చీకట్లో, చప్పుడు లేకుండా ఉంచి ఫోన్ చేయండి. సెల్ఫీల కోసం పదిమంది చుట్టూ మూగితే ఆ టెన్షన్‌కే సగం పోతాయి. మీ ఊరి పశువుల డాక్టరుతో ముందే మాట్లాడుకోండి, మేం చదివింది ఆవులూ గేదెల గురించి, సర్వీసులో మొదటిసారి కొంగ రెక్క విరిగి వస్తే మందు ఎంత ఇవ్వాలో తెలీక నేనూ బిక్కమొహం వేశాను.

మద్దూరు రోడ్డు:
బెంగళూరులో ఉంటాను, మాది నెల్లూరు. మీరు ఒకసారి కర్ణాటకలో కొక్కరె బెళ్లూరు అనే ఊరు చూసి రండి, బెంగళూరు నుంచి మైసూరు రోడ్డులో మద్దూరుకి కాస్త ముందే లోపలికి తిరగాలి. మీ ఊరి కథే అచ్చంగా. అవే పక్షులు, ఇళ్ల మధ్య చెట్లు. 1994లో ఊరివాళ్లు ‘హెజ్జార్లె బళగ’ అని ఒక బృందం కట్టారు, కన్నడంలో హెజ్జార్లె అంటే గూడబాతే. పడిపోయిన పిల్లల్ని కంచె వేసిన దొడ్లో ఉంచి, చేపలు వేసి, రెక్కలొచ్చాక వదిలేస్తారు. పెద్ద బిల్డింగ్ ఏమీ ఉండదు, చూడ్డానికి కోళ్ల దొడ్డిలా ఉంటుంది. అయితే ఖర్చంతా చేపల మీదే, అది నెలల తరబడి రోజూ కావాలి. మీ చందా లెక్క సిమెంటుకి కాదు, చేపలకి వేసుకోండి.

పెంకుటిల్లు:
నేను అడ్డుపడేవాడిని అనుకోకండి, కానీ రెట్టల కంపు ఎవరు భరిస్తున్నారు? చెట్టున్న ఇంటివాళ్లు. చింతపండు కోసుకోలేక నష్టపోయేది కూడా వాళ్లే. కొక్కరె బెళ్లూరులో ఆ చింతకాయలకి ప్రభుత్వం డబ్బు కట్టిందని విన్నాను.

మద్దూరు రోడ్డు:
అవును, కట్టింది. చెట్లు కొట్టేయకుండా నిలిచాయంటే అది పెద్ద కారణం.

పెంకుటిల్లు:
మరి అదీ! పక్షి పిల్లకి చేపలు అడిగే ముందు చెట్టు యజమానికి ఏమిస్తారో చెప్పండి. నిర్మల్ దగ్గర కోతుల సెంటర్ 2020లో మొదలైతే ఎవరూ కాదనలేదే, కోతుల్ని పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి వదలడం ఊళ్ల బాధ తీర్చే పని కాబట్టి. మీ సెంటర్‌తో ఊరికి ఏం ఒరుగుతుందో ఒక్క ముక్క దొరికితే మా నాన్నే చందా ఇస్తాడు, ఆయన పిసినారి అయినా సరే.

ఉద్దానం కుర్రోడు:
ఈ మాట నాకు తట్టలేదు అన్నా, నిజం. తిత్లీ తుఫానుకి మా ఉద్దానంలో కూలిన చెట్లు చూశాక ఉన్నవాటి విలువ తెలిసింది గానీ వాటి యజమానుల్ని ఎప్పుడూ అడగలేదు. ఆదివారం రామకోవెల దగ్గర కూర్చోబెట్టి మొదట వాళ్ల మాటే వింటాం. రేంజర్‌కి అర్జీ రాస్తున్నాం. పాత చేపల వలలు చెట్ల కింద కట్టి పిల్లల్ని ఆపుదామని మావాళ్లు అంటున్నారు, పర్వాలేదా డాక్టరు గారూ?

రిటైర్డ్ పశువుల డాక్టర్:
సన్నని నైలాను వల వద్దు, కాళ్లు చిక్కుకుంటే తెగిపోతాయి. దళసరి నూలు తాడు వల అయితే చూద్దాం, అదీ నేలకి మూడడుగుల ఎత్తులో, వదులుగా. ముందు ఒక్క చెట్టు కిందే కట్టి చూడండి. ఫొటో పెట్టు.