ఎఫ్12 కొట్టినా బూట్ మెనూ రావట్లేదు, ఏటి చెయ్యాలి?

ప్రశ్న (చీపురుపల్లి నుంచి): అన్నలూ, ల్యాప్‌టాప్ ఏసర్ ఆస్పైర్, ఐ5 11వ తరం, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. విండోస్ 11 మళ్లీ వేద్దామని 16 జీబీ పెన్‌డ్రైవులో ఐఎస్ఓ ఫైలు (విండోస్ సెటప్ అంతా ఉండే ఒకే ఫైలు) కాపీ చేశాను. ఎక్కడి నుంచి బూట్ కావాలో ఎంచుకునే మెనూ కోసం ఎఫ్12 ఎన్నిసార్లు కొట్టినా తిన్నగా పాత విండోసే వచ్చేస్తోంది. బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల తెర) లెగసీ (పాత తరహా బూట్) పెట్టమన్నారు ఒకరు. ఆ మాటే అందులో కనపడలేదు.

జవాబు (శ్రీకాకుళం): లెగసీ ఊసెత్తకు తమ్ముడూ, నీ మెషీన్‌కి యూఈఎఫ్ఐ (కొత్త తరహా బూట్) ఒక్కటే దారి. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే కాపలా) కూడా తియ్యక్కర్లేదు. విండోస్ 11కి అది ఉండటమే మంచిది.

ముందు పెన్‌డ్రైవ్ సంగతి. ఐఎస్ఓని ఊరికే కాపీ చేస్తే అది మామూలు ఫైలే, బూట్ అవ్వదు. మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో చెయ్యి, 8 జీబీ ఉంటే చాలు. రూఫస్ అనే టూల్ అయితే జీపీటీ (డిస్కు విభజన పద్ధతి), యూఈఎఫ్ఐ ఎంచుకో.

ఇక ఎఫ్12. ఏసర్‌లో అది చాలా మోడళ్లలో మూసే ఉంటుంది. విండోస్‌లో షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కు. ఉత్త షట్‌డౌన్ అయితే ఫాస్ట్ స్టార్టప్ వల్ల మెషీన్ సగం నిద్రలోనే ఉంటుంది, మీట అందుకోదు. తర్వాత పవర్ నొక్కి, లోగో రాకముందు నుంచే ఎఫ్2 టకటకా కొట్టు. పట్టి ఉంచొద్దు. బయోస్ తెరుచుకుంటుంది. మెయిన్ పేజీలో ఎఫ్12 బూట్ మెనూ ఎనేబుల్డ్ చేసి, ఎఫ్10తో సేవ్ చెయ్యి.

ప్రశ్న: మెనూ వచ్చింది అన్నా! కానీ సెటప్‌లో ఎస్‌ఎస్‌డీయే కనపడట్లేదు. పోయిందేటి?

జవాబు (శ్రీకాకుళం): ఏటీ పోలేదు. ఇంటెల్ 11వ తరం నుంచి వీఎండీ అని డిస్కుని నడిపే కంట్రోలర్ ఒకటి డిస్కుకి అడ్డంగా కూర్చుంటోంది. అదే ఎఫ్2 మెయిన్ పేజీలో కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే దాగున్న వరుస బయటపడుతుంది. వీఎండీ కంట్రోలర్ డిసేబుల్ చేస్తే డిస్కు కనపడుతుంది.

జవాబు (బొబ్బిలి): ఇది చదివి, నడుస్తున్న విండోస్ మీద ఎవరూ అలగ చెయ్యకండి. మరుసటి బూట్‌కే నీలి తెర, ఇనాక్సెసబుల్ బూట్ డివైస్ అని. మళ్లీ ఎనేబుల్ చేస్తే మామూలుగా వస్తుందనుకోండి. నా మటుకు డ్రైవర్ ఎక్కించడమే నయం: ఏసర్ సైటులో మీ మోడల్‌కి ఉన్న ఇంటెల్ ఆర్ఎస్‌టీ డ్రైవర్ (వీఎండీ ఉన్నా సెటప్‌కి డిస్కు కనపడేలా చేసేది) దించి, జిప్ విప్పి, పెన్‌డ్రైవులో పడేసి, సెటప్‌లో లోడ్ డ్రైవర్ నొక్కి ఆ ఫోల్డర్ చూపించండి. జిప్‌ని జిప్‌లాగే పెడితే సెటప్‌కి అందులో ఉన్నది కనపడదు.

ఇంకోటి, డీ డ్రైవులో ఫొటోలు ఉంచుకుని సీ ఒక్కటే ఫార్మాట్ చేస్తున్నావా? డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే డీకి కూడా తాళం పడి ఉండొచ్చు. ఆ తాళం తీసే 48 అంకెల రికవరీ కీ నీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, ఇప్పుడే కాగితం మీద రాసుకో. ఫార్మాట్ అయ్యాక వెతుక్కుంటే తలనొప్పే. వీలైతే వేరే హార్డ్‌డిస్కులోకి కాపీ తీసుకో.

ప్రశ్న: కీ రాసుకున్నాను. డ్రైవర్ ఎక్కించాక డిస్కు కనపడింది, ఇన్‌స్టాల్ కూడా నడిచింది. కానీ రీస్టార్ట్ అయ్యి మళ్లీ మొదటి తెరకే వచ్చేసింది.

జవాబు (బొబ్బిలి): బూట్ పేజీలో వరుస మార్చి పెన్‌డ్రైవ్‌ని పైకి పెట్టినట్టున్నావు. పెన్‌డ్రైవ్ పీకేసి రీస్టార్ట్ చెయ్యి, ఆగిన చోటి నుంచే సాగుతుంది. పనయ్యాక విండోస్ బూట్ మేనేజర్‌ని మొదటికి తెచ్చుకో. ఎఫ్12 ఉన్నాక ఆ వరుసతో పనేలేదు.