షుగర్ మందులు ఇమ్యూనిటీని దెబ్బతీస్తాయా?

వేకువ: మా నాన్నగారికి పదేళ్లుగా షుగర్. మెట్‌ఫార్మిన్, సిటాగ్లిప్టిన్ వాడుతున్నారు. ఈ ఏడాది జలుబు, గొంతునొప్పి మూడుసార్లు పట్టుకున్నాయి. సిటాగ్లిప్టిన్ లాంటి గ్లిప్టిన్ మాత్రలు ఇమ్యూనిటీని తగ్గిస్తాయని ఎవరో చెబితే, వారం నుంచి ఆ మాత్ర మానేశారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఇందులో నిజమెంత?

నీలిమబ్బు: కొట్టిపారేయాల్సిన మాట కాదండి. గ్లిప్టిన్లు అడ్డుకునే డీపీపీ-4 ఎంజైమ్, ఇన్ఫెక్షన్లతో పోరాడే టీ కణాలనే తెల్ల రక్తకణాల మీద కూడా ఉంటుంది. అక్కడ దాన్నే సీడీ26 అంటారు. టీ కణాలు చురుగ్గా మారడంలో దానికి పాత్ర ఉంది. సిటాగ్లిప్టిన్‌కి అమెరికాలో 2006లో అనుమతి వచ్చింది. దాని దుష్ప్రభావాల్లో ముక్కు, గొంతు ఇన్ఫెక్షన్ల పేరు ఉంది. పైగా బుల్లస్ పెంఫిగాయిడ్ అని ఒళ్లంతా పెద్ద పెద్ద బొబ్బలు వచ్చే జబ్బు ఉంది. మన రక్షణ వ్యవస్థ మన చర్మం మీదే తిరగబడితే వచ్చేది. గ్లిప్టిన్లు వాడేవారిలో అది కనిపించింది. ఇవన్నీ తెలిసి కూడా ఏమీ కాదనడం పేషెంటుకి అన్యాయం.

దారిదీపం: బొబ్బల విషయంలో మీతో ఏకీభవిస్తాను. అరుదే అయినా, బొబ్బలు కనిపిస్తే వెంటనే డాక్టర్‌ని కలవాలి. జలుబుల సంగతి వేరు. టెకోస్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు 2015లో వచ్చాయి. గుండెజబ్బు కూడా ఉన్న 14,671 మంది షుగర్ పేషెంట్లలో సగం మందికి సిటాగ్లిప్టిన్, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, దాదాపు మూడేళ్లు గమనించారు. ఇన్ఫెక్షన్లలో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. టీ కణం మీద ఒక ఎంజైమ్ ఉందంటే, దాన్ని అడ్డుకోగానే మనిషి బలహీనపడిపోతాడని కాదు కదా.

అసలు దోషిని వదిలేస్తున్నాం. రక్తంలో షుగర్ బాగా పెరిగితే, సూక్ష్మజీవుల్ని మింగేసే న్యూట్రోఫిల్ కణాలు మందగిస్తాయి. ఇన్ఫెక్షన్ ఉన్న చోటికి సరిగా చేరలేవు, చేరినా సరిగా చంపలేవు. మాత్ర మానేసి షుగర్ పెంచుకుంటే ఇమ్యూనిటీకి మేలు చేసినట్టు ఎలా అవుతుంది?

నీలిమబ్బు: అలాగైతే షుగర్ ఎంత తగ్గిస్తే అంత మంచిదా?

దారిదీపం: కాదండి. ఐసీయూ పేషెంట్లలో ఈ సంగతి పరీక్షించి చూశారు. 2001లో బెల్జియంలో ఇన్సులిన్‌తో షుగర్‌ని గట్టిగా అదుపు చేస్తే మరణాలు తగ్గాయి. చాలామంది ఆ దారే పట్టారు. 2009లో ఆరు వేలమందికి పైగా ఐసీయూ పేషెంట్లతో చేసిన నైస్-షుగర్ అధ్యయనంలో మాత్రం షుగర్‌ని 81–108 మి.గ్రా./డె.లీ. మధ్య బిగించి ఉంచినవారిలోనే ఎక్కువమంది చనిపోయారు: 27.5 శాతం. 180 లోపు చాలనుకున్నవారిలో అది 24.9 శాతం.

పొద్దుతిరుగుడు: మధ్యలో ఒక్క మాట. నేను ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మరో రకం షుగర్ మాత్ర వాడాక మర్మాంగాల దగ్గర ఫంగస్ వచ్చింది. ఇమ్యూనిటీ పోయిందని ఏడ్చాను. తర్వాత తెలిసింది, ఆ మందు షుగర్‌ని మూత్రంలోకి పంపిస్తుంది, ఆ తీపి మీద ఫంగస్ పెరుగుతుంది, అంతే. ఇన్ఫెక్షన్ వచ్చిన ప్రతిసారీ ఇమ్యూనిటీ తగ్గిందనుకోవద్దు. నిజంగా ఇమ్యూనిటీ మీదే పనిచేసే షుగర్ మందు కావాలంటే టెప్లిజుమాబ్ ఉంది. 2022 నవంబర్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది. టీ కణాల మీది సీడీ3 అనే ప్రోటీన్‌ని పట్టుకుని, టైప్-1 షుగర్ (రక్షణ వ్యవస్థే ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని దెబ్బతీసే రకం) ముంచుకొస్తున్నవారిలో జబ్బు బయటపడటాన్ని వాయిదా వేస్తుంది. లింఫోసైట్లు (టీ కణాలు ఉండే తెల్లకణాల గుంపు) తగ్గుతాయి కాబట్టి రక్తపరీక్షలు చేస్తూ ఇస్తారు. మీ నాన్నగారి మాత్రని దానితో కలిపి చూడకండి.

నీలిమబ్బు: టెకోస్ లెక్క ఒప్పుకుంటున్నాను. అయినా వేలమంది సగటు మనిషి మనిషికీ వర్తించదు. మాత్ర మొదలుపెట్టాకే జలుబులు ఎక్కువయ్యాయా అన్నది డాక్టర్ అడిగి రాసుకోవాల్సిన విషయమే. పేషెంటు చెప్పింది వినాలి. నా బాధంతా అదే.

దారిదీపం: అందులో మనకి తేడా లేదు. అడగాలి, కానీ మాత్ర మానకముందే అడగాలి.

వేకువ: ఇద్దరికీ కృతజ్ఞతలు. లెక్క చూశాను. ఆ మాత్ర మొదలుపెట్టి నాలుగేళ్లయింది, జలుబులు మాత్రం ఈ ఏడాదివే. మొన్నటి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 9.4 ఉంది, అంటే షుగర్ బాగా ఎక్కువే, అది నేను పట్టించుకోలేదు. ఈ రెండూ కాగితం మీద రాసుకున్నాను. రేపు పొద్దున్నే నాన్నగారిని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి కూడా అడుగుతాను.