జాక్ ద మోలే చివరి రోజున మాట ఎందుకు మార్చాడు?

ప్రశ్న (హనుమకొండ):
డిగ్రీ విద్యార్థులకు మధ్యయుగ ఐరోపా చరిత్ర చెబుతాను. శిలువ యుద్ధాల పాఠంలో టెంప్లర్ల (క్రైస్తవ సన్యాసి యోధుల సంఘం) చివరి గ్రాండ్ మాస్టర్, అంటే అధిపతి, జాక్ ద మోలే దగ్గరికి వచ్చేసరికి ఏటా ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. 1307లో నేరం ఒప్పుకొని ఆరేళ్లకు పైగా చెరలో మగ్గిన మనిషి, యావజ్జీవ ఖైదుతోనైనా ప్రాణం దక్కబోతున్న వేళ ఆ ఒప్పుకోలును కాదని ఎందుకు ఎదురుతిరిగాడు? నా సమాధానం నాకే తృప్తినివ్వడం లేదు.

జవాబు (కాజీపేట):
మాస్టారూ, ఆయన ఆశ ఎవరి మీద ఉండేదో చూస్తే కొంత బోధపడుతుంది. 1307 అక్టోబరు 13న ఫ్రాన్సు రాజు నాలుగవ ఫిలిప్ దేశమంతటా టెంప్లర్లను ఒక్కసారిగా బంధించాడు. మోలే ఆ నెలలోనే క్రీస్తును నిరాకరించానని ఒప్పుకొన్నాడు, తర్వాత కాదన్నాడు, 1308 ఆగస్టులో షినాన్ కోటలో కార్డినళ్ల (పోప్ తరఫు ఉన్నత మతాధికారుల) ముందు మళ్లీ ఒప్పుకొని క్షమాపణ పొందాడు. 1309 నవంబరులో విచారణ సంఘం ముందు తాను చదువు రాని పేద యోధుణ్ణని చెప్పుకొని, తనను పోప్ ఎదుటికి తీసుకువెళ్లమని వేడుకొన్నాడు. 1314 మార్చిలో పోప్ ఐదవ క్లెమెంట్ రాలేదు, కార్డినళ్లను పంపి తీర్పు చెప్పించాడు. ఇన్నేళ్లూ మోలే నోరు కట్టేసింది ఆ ఎదురుచూపేనని నా అభిప్రాయం.

జవాబు (జగిత్యాల):
పై మాటతో ఏకీభవిస్తూ, ఆనాటి మతన్యాయం సంగతి చేరుస్తున్నాను. ఒప్పుకొని క్షమాపణ పొందినవాడు మళ్లీ కాదంటే, తిరిగి మతద్రోహంలో పడినట్టు లెక్కగట్టి దహనానికి అప్పగించేవారు. మన ఓరుగల్లు కోటను మాలిక్ కాఫర్ ముట్టడించిన 1310లోనే, మే 12న, పారిస్ శివార్లలో 54 మంది టెంప్లర్లను ఇలాగే కాల్చివేశారు. అంటే మోలే ఫలితం తెలిసే నోరు విప్పాడు. 1312లో పోప్ టెంప్లర్ల సంఘాన్నే రద్దుచేసి ఆస్తులను హాస్పిటలర్లనే మరో యోధ సంఘానికి ఇచ్చాడు కనుక, మోలే కాపాడుకోగలిగింది తోటివారి పేరు ఒక్కటే. తీర్పు వినిపించడానికి పారిస్‌లోని నోట్రదాం చర్చి ముందు నిలబెట్టిన నలుగురు టెంప్లర్ నాయకుల్లో ఆయన, జెఫ్రా ద షార్నీ నిర్దోషులమన్నారు. రాజు ఆ సాయంత్రమే ఇద్దరినీ సేన్ నది లంకలో దహనం చేయించాడు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మంటల్లో నుంచి రాజును, పోప్‌ను శపించాడన్నది నిజమేనా? తక్కిన ఇద్దరూ ఏమయ్యారు?

జవాబు (జగిత్యాల):
శాపం కథ తర్వాతి కాలంలో పెరిగినది. క్లెమెంట్ ఏప్రిల్ 20న, ఫిలిప్ నవంబరు 29న, అదే ఏడాది మరణించడంతో జనానికి నమ్మడం తేలికైంది. తక్కిన ఇద్దరు, హ్యూగ్ ద పెరో, జెఫ్రా ద గొన్‌విల్, మౌనంగా తీర్పుకు తలవంచి చెరసాలకు తిరిగి వెళ్లారు.