యుద్ధకాలం నాటి బైనాక్యులర్‌లో బొమ్మ రెండుగా కనిపిస్తోంది, రింగ్ కదలట్లేదు

నా దగ్గర బ్రిటిష్ ఆర్మీ బైనాక్యులర్ ఒకటుంది, మోడల్ బినో ప్రిజం నంబర్ 2 మార్క్ 2, 6×30 (అంటే 6 రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందువైపు లెన్స్ 30 మి.మీ.), మీద 1943 అని చెక్కి ఉంది. ఫంగస్ పట్టిన ప్రిజంలు (లోపల కాంతిని మళ్లించే గాజు దిమ్మలు) తీసి, ఏది ఎటుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ అలాగే బిగించా. బొమ్మ క్లియర్‌గానే ఉంది కానీ దాదాపు కిలోమీటర్ దూరంలో ఉన్న సెల్ టవర్‌ని చూస్తే కుడివైపు బొమ్మ కాస్త పైకి కనిపిస్తోంది, ఐదు నిమిషాలు చూస్తే తలనొప్పి గ్యారంటీ. ప్రిజంలు విప్పి మళ్లీ సర్దినా అంతే. సరే, ముందువైపు లెన్స్ చుట్టూ ఉండే ఎక్సెంట్రిక్ రింగ్ (తిప్పితే లెన్స్‌ని కాస్త పక్కకి జరిపేది) తిప్పి రెండు బొమ్మల్నీ అలైన్ చేద్దామంటే అది పాత గ్రీజుతో రాయిలా బిగుసుకుపోయింది, రాత్రంతా పెనెట్రేటింగ్ ఆయిల్ చుక్క వేసి ఉంచినా, రబ్బర్ గ్లవ్స్‌తో తిప్పినా కదల్లేదు. హెయిర్ డ్రయ్యర్ పెడదామంటే లెన్సుల్ని అతికించిన కెనడా బాల్సమ్ అనే జిగురు ఎక్కడ కరుగుతుందోనని ఆగా (ఈ లెన్స్ మళ్లీ దొరకదు కదా). బాల్సమ్ చెడకుండా ఈ రింగ్‌ని కదిలించడం ఎలా?