9 ముందు 1 పెట్టిన మా మూడో తరగతి వాడు

టవర్‌క్లాక్ అమ్మ, అనంతపురం:

మావాడికి 8 ఏళ్లు. పోయిన మంగళవారం లెక్కల స్లిప్ టెస్టు పేపర్ ఇచ్చారు, 25కి 9. ఆ రాత్రే నాకు చెప్పేశాడు. భయమేం లేదు, "తీసివేతలు రాలేదమ్మా" అని సంగటి ముద్ద మింగుతూ మామూలుగా చెప్పాడు. సరేలే, ఆదివారం కూర్చుందాం అన్నాను.

శుక్రవారం సాయంత్రం సంతకానికని బ్యాగ్ తీస్తే పేపర్ మీద 19 ఉంది. టీచర్‌ది ఎర్ర బాల్‌పెన్, సన్నగా ఉంది. వీడిది ఎర్ర స్కెచ్. లావు గీత, వెనక పేజీకి ఇంకి అక్కడా మచ్చ పడింది. ముందు నవ్వొచ్చింది. తర్వాత కూలబడిపోయాను. నాకు తెలిసిన మార్కుల్ని నా కోసం మార్చడు కదా. శుక్రవారం రాత్రికి వాళ్ల నాన్న బెంగళూరు నుంచి వస్తాడు.

జేజికీ తెలుసట. "మీ నాయనకు చెప్పొద్దులే, వచ్చేదే రెండ్రోజులు, యాల రచ్చ" అందట మా అత్తమ్మ. గీత పెట్టమని మాత్రం ఆమె చెప్పలేదు, ఆ తెలివి వాడిదే.

మా ఇంటి సంగతి కూడా చెప్పాలి. సోమవారం నుంచి శుక్రవారం దాకా వాడిది ఇష్టారాజ్యం. జేజి ముద్దలు కలిపి నోట్లో పెడుతుంది, వాడు ఫోన్ చూస్తూ మింగుతాడు. నేను సచివాలయం నుంచి వచ్చేసరికి ఏడు. ఓపికుంటే ఫోన్ లాక్కుంటాను, లేకపోతే లేదు. శనివారం తెల్లారితే ఇల్లు పోలీసు క్యాంపు. ఫోన్ బీరువాలోకి, వాడు గోడ పక్కకి, ఎక్కాలు. మా ఆయన చెడ్డవాడు కాదు. చెయ్యి చేసుకోవడం ఎప్పుడో ఒకసారి, గొంతు మాత్రం వీధి చివరికి వినిపిస్తుంది.

ఇది మోసానికి మొదలా? ఎట్లా ఆపాలి? పేపర్ ఇంకా నా చీరల కింద ఉంది. ఆదివారం రాత్రి ఆయన బస్సెక్కే దాకా నేనూ చూపించలేదు.

*

రిటైర్డ్ టీచరమ్మ, కడప:

తల్లీ, 31 ఏళ్లు ప్రభుత్వ బడుల్లో చెప్పాను. 4ని 14 చేసినవాళ్లను చూశాను, నాన్న సంతకం నాన్నకన్నా బాగా పెట్టినవాణ్ణీ చూశాను. వాడిప్పుడు బ్యాంకులో ఉన్నాడు, సంతకాలు సరిచూసే పనే. 8 ఏళ్లవాడు అబద్ధమాడటం వింత కాదు. ఎదుటివాడికి ఏం తెలుసో ఏం తెలియదో ఊహించగలిగితేనే అబద్ధం పుడుతుంది, అది బుర్ర ఎదుగుతోందనడానికి గుర్తు కూడా. మీవాడు ఎవరి కోసం ఆడాడన్నదే చూడాలి.

బీఈడీలో మాకు డయానా బామ్‌రిండ్ అనే అమెరికా సైకాలజిస్టు గురించి పాఠం ఉండేది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో 1960ల్లో చిన్నపిల్లల ఇళ్లను గమనించి, పెంపకంలో మూడు రకాలు చెప్పింది: చెప్పింది చెయ్ అనేవాళ్లు, ఏం చేసినా సరే అనేవాళ్లు, ప్రేమగా ఉంటూనే హద్దు గీసి ఆ హద్దు ఎందుకో చెప్పేవాళ్లు. 1983లో మకోబీ, మార్టిన్ అనేవాళ్లు పిల్లల్ని అసలు పట్టించుకోని ఇళ్లను నాలుగో రకంగా కలిపారు. పాఠంలో ఇంటికొక పద్ధతే ఉంటుంది. మన ఇళ్లలో ఒకే గడప లోపల మూడూ ఉంటాయి. మీ ఇంట్లో శని, ఆదివారాలు మొదటిది, జేజిది రెండోది, నీది నీ తలనొప్పిని బట్టి. వాడు తీసివేతలు నేర్చుకోలేదు గానీ ఎవరి ముఖం ఎట్లుందో చదవడం బాగా నేర్చాడు.

అది అమెరికా లెక్క, మనకు అతకదు అంటారేమో. కొంత నిజమే. రూత్ చావ్ అనే పరిశోధకురాలు 1994లో చైనా మూలాల తల్లుల గురించి రాస్తూ, బయటికి కఠినంగా కనిపించే పెంపకంలో ఎంతో అక్కర, దగ్గరితనం ఉంటాయని చెప్పింది. మా నాయనా కఠినుడే, కానీ రోజూ మాతో కూర్చుని తినేవాడు. అరిచిన రాత్రి కూడా పక్కనే పడుకునేవాడు.

దెబ్బల సంగతి వేరు. 2011లో విక్టోరియా టల్వార్, కాంగ్ లీ అనే పరిశోధకులు పడమటి ఆఫ్రికాలో రెండు బడుల పిల్లల్ని పరీక్షించారు. ఒక బడిలో తప్పుకు దెబ్బ, ఇంకో బడిలో మందలింపు. 3, 4 ఏళ్ల పిల్లల వెనక ఆటబొమ్మ పెట్టి, తిరిగి చూడొద్దని చెప్పి పెద్దవాళ్లు బయటికి వెళ్లారు. పిల్లలు ఆగుతారా, రెండు బడులవాళ్లూ చూశారు. చూశావా అని అడిగితే ఎక్కువగా అబద్ధమాడింది దెబ్బల బడి పిల్లలు. ఆ అబద్ధాన్ని తడబడకుండా నిలబెట్టుకున్నదీ వాళ్లే. మా కోడలు ఫోన్‌లో ఇది చదివి వినిపించినప్పుడు నేను చాటలో బియ్యం ఏరుతున్నాను. చెయ్యి ఆగిపోయింది.

ఎందుకంటే నా కొడుకు నా బడిలోనే చదివాడు. ఐదో తరగతిలో ఇట్లాంటి పనే చేస్తే క్లాసు ముందు చెంప మీద కొట్టాను, టీచర్ కొడుకైనా వదల్లేదని నలుగురూ అనుకోవాలని. వాడికిప్పుడు 38. ఉద్యోగం మారినా, బండి మీద నుంచి పడి చెయ్యి విరిగినా నాకు తెలిసేది చివర్లోనే. మా అత్త బతికున్నన్నాళ్లూ అన్నీ ఆమెకే చెప్పేవాడు.

నువ్వు చేయాల్సింది చెప్తాను. "19 ఎట్లొచ్చాయి" అని తెలియనట్టు అడగొద్దు, ఇంకో అబద్ధం ఆడించినట్టవుతుంది. "9 వచ్చాయని నువ్వే వచ్చి చెప్పావు, అది నాకు నచ్చింది, ఈ గీత నచ్చలేదు" అను, అంతే. నాన్నకు వాడే చెప్పాలి, నువ్వు పక్కన నిలబడు. వాడికన్నా ముందు నువ్వు ఆయనతో మాట్లాడి ఉండాలి. అత్తమ్మతో ఫోన్ గొడవ, ముద్దల గొడవ ఇప్పుడు పెట్టుకోవద్దు. "మీ నాయనకు చెప్పొద్దు" అనే మాట ఒక్కటీ మానెయ్యమను. తీసివేతల్లో ఎక్కడ ఆగుతున్నాడో కూడా చూడు. 52లోంచి 27 తియ్యమంటే 35 అన్నాడంటే, 2లోంచి 7 పోదు కాబట్టి తిరగేసి 7లోంచి 2 తీస్తున్నాడన్నమాట. మూడో తరగతిలో చాలామందికి ఇదే తప్పు.

*

సెంట్రింగ్ మేస్త్రి, పత్తికొండ (ఇప్పుడు బెంగళూరు):

టీచరమ్మకు నమస్కారం. నేను చదివింది ఏడో తరగతి. మా నాయన వేపకంపతో కొట్టినాడు, బళ్లో సార్లు కొట్టినారు, మేమేం చెడిపోలేదు కదా అని రాద్దామనుకున్నా. మళ్లీ ఆలోచన చేస్తే, నేను మా నాయనకు ఏ పొద్దూ నిజం చెప్పింది లేదు. అందుకే ఆ మాట తుడిచేసినా.

అక్కా, ఒకటి అడుగుతా, కోపం చేసుకోవద్దు. వారానికోసారి వచ్చే మనిషిని పోలీసును చేసింది ఎవరు? "ఉండు, శుక్రవారం మీ నాన్న రానీ, చెప్తా" అని మీరు అనలేదా? మా ఇంట్లో ఇదే జరుగుతాంది. పదైదు దినాలకొకసారి పోతా. మా పాప ముందు బ్యాగు చూస్తాది, ఆమైన నన్ను చూస్తాది. నేను కూర్చునేలోపల మా ఇంటిది పదైదు దినాల పంచాయితీ మొత్తం ముందర పెడ్తాది: పుస్తకం చించింది, అవ్వకు ఎదురు చెప్పింది, అన్నం పారబోసింది. నేను అరవాల. అరిచినాక ఆ బిడ్డ తలుపు ఎనక్కి పోతాది. మళ్లా ఎల్లుండి పొద్దున నాకు బస్సు. దగ్గరికి తీసుకునే టయమే లేదు.

మీ ఆయన తరపున మాట్లాడతాండానని కాదు. ఆయనకు కూడా ఇది బాగుండదు అక్కా.

*

టవర్‌క్లాక్ అమ్మ:

అన్నా, అన్నాను. వారానికి నాలుగుసార్లు అంటాను. లెక్కపెట్టుకుంటే ఇంకా ఎక్కువే. ఇప్పటిదాకా ఇది నాకు తట్టలేదు.

*

కొండారెడ్డి బురుజు పక్కోడు, కర్నూలు:

అక్కా, నేను ఆ పిల్లోణ్ణే, 14 ఏళ్ల తర్వాత. నాకు ఇద్దరు తాతలు, ఒక జేజి, ఇద్దరు అత్తలు, అందరూ కలిసి మా నాన్న నుంచి నన్ను కాపాడేవాళ్లు. ఇంటర్‌లో ఫిజిక్స్ పోతే నాలుగు నెలలు ఎవరికీ తెలియనివ్వలేదు. సప్లిమెంటరీ ఫీజుకు డబ్బు జేజే ఇచ్చింది, పరీక్ష దేనికో ఆమెకు కూడా నేను చెప్పలేదు. ఇప్పుడు ఆఫీసులో చిన్న పొరపాటు చేసినా సరిచేసుకోవడం కన్నా ముందు దాన్ని ఎక్కడ దాచాలా అని చూస్తాను. చెయ్యి దానంతటదే అటు పోతుంది. నాన్నకీ నాకూ ఇప్పుడు గొడవలేం లేవు, మాటలూ లేవు. క్రికెట్ స్కోర్ అడుగుతాడు, చెప్తాను.

మీవాడు మంగళవారం మీకు చెప్పాడు చూడండి. నేను ఎవరికీ చెప్పలేదు.

*

టవర్‌క్లాక్ అమ్మ:

అందరికీ థాంక్స్. మళ్లీ శుక్రవారం వచ్చి పోయింది, జరిగింది రాస్తున్నాను.

గురువారం రాత్రే ఆయనకు ఫోన్‌లో చెప్పాను. మేస్త్రి అన్న రాసింది కూడా చదివి వినిపించాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు, లైన్ కట్ అయిందేమో అనుకున్నాను. "నేనొస్తే వాడికి జ్వరమొస్తుంది, తెలుసా నీకు" అన్నాడు చివరికి. తెలుసు. మొన్న సంక్రాంతికీ వచ్చింది. అది చలి వల్ల అనుకుంటూ ఉన్నాం.

శుక్రవారం పెనుకొండ దాటాక మళ్లీ ఫోన్ చేసి "వాణ్ణి పడుకోబెట్టకు" అన్నాడు. పదిన్నరకు వచ్చాడు. వాడు పేపర్ పట్టుకుని నిలబడ్డాడు, నేను పక్కన. చెప్పడానికి నోరు రాలేదు, పేపర్ చాపాడు. ఆయన దాన్ని లైటుకు పెట్టి రెండువైపులా చూసి, "స్కెచ్ ఎవరు కొనిచ్చారు?" అన్నాడు. "జేజి." నాకు నవ్వాగలేదు. మా అత్తమ్మ మాత్రం నవ్వలేదు.

శనివారం గోడా లేదు, ఎక్కాలూ లేవు. మిద్దె మీద ఎండబెట్టిన బుడ్డలు (వేరుశనక్కాయలు) తెచ్చి పదేసి కుప్పలు పోశారు. టీచరమ్మ చెప్పిందే నిజం, వాడు తిరగేసే తీస్తున్నాడు. ఒక కుప్ప విడగొట్టి పన్నెండు చేసుకుని ఏడు తియ్యమంటే మూడోసారికి వచ్చింది. మధ్యలో వాడు లెక్కలోవి నాలుగు ఒలుచుకుని తిన్నాడు, లెక్క తప్పింది, ఈయన గొంతు మళ్లీ లేచింది. వాడు అలవాటుగా జేజి వైపు చూశాడు. ఆమె నోరు తెరవబోయి, నా ముఖం చూసి, లేచి వంటింట్లోకి పోయింది. లోపల గిన్నెలు మాత్రం గట్టిగానే చప్పుడు చేసింది.

ఫోన్ చూపిస్తూ తినిపించడం ఇంకా ఆగలేదు. దాని గురించి వేరే అడుగుతాను.