తీరపు రాళ్లపై నల్లని లైకెన్: జాతిని నిర్ధారించడం ఎలా?

స్కాట్లాండ్ తూర్పు తీరంలో, పోటు నీరు చేరే గీతకు కాస్త పైన, తారు పూసినట్టు రాళ్లను కప్పేసిన నల్లని క్రస్టోజ్ (రాయికి పొరలా అతుక్కుని పెరిగే) లైకెన్ (శిలీంధ్రం, శైవలం కలిసి బతికే జీవి) హైడ్రోపంక్టేరియా మౌరా అనే జాతి అవునో కాదో నిర్ధారించుకోవడానికి తెలిసినవారి సహాయం కోరుతున్నాను. చాలామంది అనుకునే చమురు మరక మాత్రం కాదు. గోటితో గీకినా ఊడి రాదు, భూతద్దంలో చూస్తే పలుచని పొర సన్నని పగుళ్లతో చిన్న చిన్న గడులుగా విడిపోయి, వాటిపై గరుకైన బొడిపెలు కనిపిస్తాయి. దీనికి పైన నారింజ రంగు లైకెన్ కాలోప్లాకా మెరీనా పట్టీ ఉంది. బాగా దిగువన, పగుళ్లు లేకుండా నున్నగా, ముదురాకుపచ్చ ఛాయతో ఉన్న పొరను వాలెన్‌బెర్గియెల్లా మ్యూకోసా అనే మరో లైకెన్‌గా భావిస్తున్నాను.

1803లో వెరుకేరియా మౌరాగా వర్ణించిన ఈ జాతిని 2009లో హైడ్రోపంక్టేరియా ప్రజాతిలోకి మార్చారు; ఆ తర్వాత 2012లో దీన్ని అచ్చంగా పోలిన మరికొన్ని జాతులను వేరు చేయడంతో పాత మార్గదర్శక పుస్తకాల వర్ణన నాకు సరిపోవడం లేదు. పది రెట్ల భూతద్దంతో వీటిని విడదీయగలమా, లేక పెరితీసియాను (సిద్ధబీజాలు తయారయ్యే సన్నని కుప్పెల్లాంటి భాగాలను) కోసి సూక్ష్మదర్శినిలో సిద్ధబీజాలను కొలవక తప్పదా? రాతిని చెక్కకుండా నమూనా తీయడం కుదరదు గనుక, వీలైతే ఆ పని మానుకోవాలని ఉంది. ఫొటోలే చాలునంటే, రాయి తడిగా ఉన్నప్పుడు తీయాలో ఆరాక తీయాలో కూడా దయచేసి చెప్పగలరు.